మాడిసన్ చలి, ఫ్లోరిడా సముద్రం: తేల్చుకోవడానికి మాకు పట్టిన పది నెలలు

2024 జనవరి 16, మంగళవారం పొద్దున ఎనిమిదింటికి, అమెరికాలో మేముండే విస్కాన్సిన్ రాష్ట్రపు మాడిసన్ ఊళ్ళో, మందుల షాపు పార్కింగులో కాలు జారి పడ్డాను. నాలుగు రోజుల ముందు కురిసిన మంచు కార్ల చక్రాల కింద నలిగి నలిగి అద్దంలా గట్టిపడింది. దాని మీద పల్చగా కొత్త మంచు రాలి ఉండటంతో కింద అద్దం ఉందని తెలియలేదు. పడుతూ ఎడమ చెయ్యి ఆనించాను. మణికట్టు విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

నేను ఇంటి నుంచి మెడికల్ కోడింగ్ చేస్తాను, అంటే రోగుల చార్టులు చూసి జబ్బులకీ గాయాలకీ కోడ్లు వేసే పని, తొమ్మిదేళ్ళుగా. చలికాలం వచ్చిందంటే మంచు మీద జారిపడ్డవాళ్ళ చార్టులు రోజూ నా ముందుకొస్తాయి. వాటికి వేసే కోడు డబ్ల్యూ00తో మొదలవుతుంది. ఎమర్జెన్సీలో కుర్చీలో కూర్చుని, ఇప్పుడు నా చార్టుకి ఎవరో అదే కోడు వేస్తారు కదా అనుకోగానే ఏడుపు ఆగలేదు. నొప్పికొచ్చిన ఏడుపు కాదది. ఈ ఊరితో ఇక వేగలేనని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

అక్కడ నాలుగున్నర గంటలు. ఆ తర్వాత ఆరు వారాలు కట్టు. ఇన్సూరెన్సు కట్టింది పోగా మా చేతినుంచి పోయింది 2,340 డాలర్లు. ఒంటి చేత్తో టైపు చేయలేక పదమూడు పనిదినాలు పోయాయి. జడ వేసుకోవడం, చపాతీ పిండి కలపడం, కోటు జిప్పు లాక్కోవడం అన్నిటికీ ఎవరో ఒకరు కావాలి. ఆ ఆరు వారాలూ తొందరగా చీకటి పడిపోయే కిటికీ ముందు కూర్చుని ఫోన్లో ఇళ్ళు చూశాను. అన్నీ ఫ్లోరిడాలోనే.

ఇంతకాలం ఎందుకు కదల్లేదని అడుగుతారు. మా ఆయన 2008 ఆగస్టులో యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్‌లో ఎమ్మెస్‌కి వచ్చారు. పెళ్ళయ్యాక నేను 2009 మార్చిలో వచ్చాను. చదువయ్యాక ఆయనకి అదే యూనివర్సిటీలో ఉద్యోగం దొరికింది. యూనివర్సిటీ తరఫున వచ్చే హెచ్-1బికి లాటరీ ఉండదు. బయటి కంపెనీకి మారాలంటే మాత్రం లాటరీలో పేరు రావాలి. వచ్చినదాన్ని వదులుకుని ఆ పందెం కాయడానికి మాకు ధైర్యం చాల్లేదు. గ్రీన్‌కార్డు 2022లో చేతికొచ్చింది. అంటే పదమూడేళ్ళు మేం మాడిసన్‌లో ఉన్నది వీసా ఉంచినందుకు. కార్డొచ్చాక ఇంకో రెండేళ్ళు అలవాటు కొద్దీ ఉండిపోయాం. ఎక్కడ ఉండాలో మేమే ఎంచుకోవడం అన్నది మా ఇద్దరి జీవితంలో అదే మొదలు. ఎలా ఎంచుకోవాలో మాకు తెలియదు. ఈ పది నెలల కష్టమంతా అక్కడే ఉంది.

మాది కాకినాడ. అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటోంది. ఫ్లోరిడా మాట చెప్పగానే ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తుపానుల ఊళ్ళో పుట్టి, అంత దూరం పోయి, మళ్ళీ తుపానుల ఊరే వెతుక్కుంటున్నావేంటమ్మా?" అంది. నేను టెన్త్‌లో ఉండగా 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన గాలివాన గురించి ఆ మాట. కోనసీమలో వెయ్యిమందికి పైగా పోయారు. మా పెంకులు లేచిపోతుంటే అమ్మా నేనూ మంచం కింద దూరి తెల్లారేదాకా ఒకరినొకరు పట్టుకుని ఉన్నాం. అది మర్చిపోలేదు. అయినా నాకు సముద్రం కావాలనిపించింది. చలికి ముడుచుకున్న ఒళ్ళు ముందు చెప్పే మాట అదే.

మార్చి 23న, అమ్మాయి స్కూలుకి స్ప్రింగ్ బ్రేక్ ఇవ్వగానే, టాంపా వెళ్ళాం. అక్కడ నా కాలేజీ స్నేహితురాలి కుటుంబం 2019 నుంచి ఉంటోంది. వాళ్ళ పెరట్లో మునగచెట్టు నేల మీద నిలబడి ఉంది. నేను పదేళ్ళుగా కుండీలో పెంచుతూ, ప్రతి అక్టోబరులో లోపలికి మోసి ప్రతి మేలో బయటికి మోసే కరివేపాకు, వాళ్ళింట్లో నా ఎత్తు దాటింది. ఆ చెట్టు పక్కన నిలబడి ఆకులు దూస్తూ చాలాసేపు ఉండిపోయాను. టాంపా గుడిలో రాజగోపురం చూశాం. మాడిసన్ నుంచి మేం పెద్ద గుడికి వెళ్ళాలంటే దాదాపు గంట డ్రైవ్ చేసి మిల్వాకీ దగ్గరి పెవాకీ వెళ్తాం. సాయంత్రం క్లియర్‌వాటర్ ఒడ్డున కూర్చున్నాం. కాకినాడలో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. అక్కడ సముద్రంలోకి వెళ్తున్నాడు. మా ఆయన నా చెయ్యి తీసుకుని మణికట్టు మెల్లగా తిప్పి చూసి, "నొప్పుందా?" అన్నారు. లేదు. ఆ వారమంతా లేదు.

మార్చి నెల ఫ్లోరిడాని చూసి నిర్ణయం తీసుకోవద్దని ఇది చదివేవాళ్ళకి గట్టిగా చెప్తున్నాను. మేం తీసేసుకున్నాం. తిరిగొచ్చే విమానంలోనే అమ్మాయి హైస్కూలు ఎక్కడన్నది మాట్లాడేసుకున్నాం. తనది ఎనిమిది అయిపోతోంది, మారితే ఈ వేసవిలోనే మారాలి, తొమ్మిదిలో పడ్డాక నాలుగేళ్ళు కదపడం అన్యాయం. అదీ మా లెక్క. అమ్మాయిని అడిగామా అంటే, అడిగాం. "మీ ఇష్టం" అంది. ఆ మాటని ఒప్పుకోలుగా తీసుకోవడం మా తప్పు.

ఏప్రిల్, మే నెలలు మా ఆయన ఉద్యోగాల వేటలో పోయాయి. పంతొమ్మిది దరఖాస్తులు, నాలుగు ఇంటర్వ్యూలు. మే 30న టాంపాలో ఒక ఆసుపత్రి సంస్థ ఆఫర్ ఇచ్చింది. జీతం ఏటా నాలుగు వేల డాలర్లు తక్కువ, చేరాల్సింది ఆగస్టు 19. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి తక్కువైనది కలిసొస్తుందని అనుకున్నాం. పన్నులో ఏటా దాదాపు ఏడు వేలు మిగులుతుందని కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

ఇప్పుడు ఇంటి సంగతి. టాంపా పక్కనున్న సెయింట్ పీటర్స్‌బర్గ్ ఈశాన్యాన, నీటికి రెండు వీధుల దూరంలో, 1962లో కట్టిన మూడు పడకగదుల ఇల్లు. ధర 4 లక్షల 85 వేలు. వీడియోలో చూసి, స్నేహితురాలిని పంపి చూపించుకుని, జూన్ 20న ఆఫర్ పెట్టాం. 21న ఒప్పుకున్నారు. బయానా 5,000 డాలర్లు కట్టాం. మా కాంట్రాక్టులో పదిహేను రోజుల ఇన్‌స్పెక్షన్ గడువు ఉంది. ఆ లోపల ఏ కారణంతోనైనా వెనక్కి తగ్గొచ్చు, బయానా తిరిగొస్తుంది. మమ్మల్ని కాపాడింది ఆ ఒక్క నిబంధనే. ఇల్లు వెంటనే కావాలన్న తొందరలో దాన్ని వదులుకోమని ఎవరు చెప్పినా వినకండి.

విస్కాన్సిన్‌లో ఇల్లు కొన్నప్పుడు ఇన్సూరెన్సు అంటే ఒక ఫోన్ కాల్. ఏడాదికి 1,450 డాలర్లు, అయిపోయింది. ఇక్కడ మొదటి ఏజెంటు నన్ను అడిగిన ప్రశ్నలు: పైకప్పు వయసెంత, కరెంటు ప్యానెల్ ఏ కంపెనీది, నీళ్ళ పైపులు ఏ లోహం, నేల సముద్రమట్టానికి ఎన్నడుగులు. పాత ఇళ్ళకి ఫోర్ పాయింట్ ఇన్‌స్పెక్షన్ అని వేరే ఉంటుంది: కప్పు, కరెంటు, పైపులు, ఏసీ. గాలికి కప్పు ఎంత తట్టుకుంటుందో చూసే విండ్ మిటిగేషన్ ఇంకోటి. మామూలు ఇన్‌స్పెక్షన్‌తో కలిపి 900 డాలర్లు అయింది. కప్పు వయసు పదిహేడేళ్ళని తేలింది. మూడు కంపెనీలు ఆ ఒక్క ముక్కకే వద్దన్నాయి. చివరికి రాష్ట్రం నడిపే సిటిజన్స్ సంస్థ 6,100 చెప్పింది. తుపాను నష్టానికి డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) మామూలుది కాదు, ఇంటి బీమా విలువలో 2 శాతం. ఆ పాలసీ వరదకి వర్తించదు. వరద బీమా విడిగా తీసుకోవాలి. ఇల్లు వరద ముప్పు ఎక్కువున్న ఎఇ జోన్‌లో ఉంది, లోను మీద కొంటున్నాం కాబట్టి తప్పదు. అది 3,300. అదీ ఇంటికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్ల దాకానే. రెండూ కలిపి 9,400. ఫ్రిజ్ మీది కాగితం తీసేశాను. పన్నులో మిగులుతుందనుకున్నదంతా ఇన్సూరెన్సుకే పోతోంది, ఇంకా చాలదు కూడా.

ఆస్తి పన్ను దగ్గర ఇంకో దెబ్బ. అమ్మేవాళ్ళు కడుతున్నది ఏడాదికి 2,700. దాన్నే మేం లెక్కలో వేసుకున్నాం. వాళ్ళు ఆ ఇంట్లో ఇరవై అయిదేళ్ళుగా ఉంటున్నారు. సొంతంగా ఉండే ఇంటి పన్ను విలువ ఏటా 3 శాతానికి మించి పెరగకూడదని ఫ్లోరిడా చట్టం. ఇల్లు చేతులు మారగానే ఆ రక్షణ పోయి విలువ మళ్ళీ మార్కెట్ ధరకొస్తుంది. మాకు పడేది దాదాపు 7,600. కౌంటీ వెబ్‌సైట్‌లో కొత్త యజమానికి ఎంతవుతుందో అంచనా వేసే చోటుంది. రియల్టర్ (మా ఇళ్ళ ఏజెంటు) చెప్పలేదు, నేనే రాత్రి రెండింటికి వెతికి పట్టుకున్నాను.

మాడిసన్ ఇంటి లోను 2021లో 2.875 శాతానికి రీఫైనాన్స్ చేసుకున్నది. పన్ను, బీమా అన్నీ కలిపి నెలకి 1,690. కొత్త ఇంటికి ఆ జూన్‌లో దొరికిన వడ్డీ 6.9. అన్నీ కలిపితే నెలకి 3,970. మా ఆయన ఆ అంకె కింద రెండు గీతలు గీసి చాలాసేపు పెన్ను పట్టుకునే ఉన్నారు. "కట్టగలం. కానీ అదొక్కటే చేయగలం" అన్నారు.

అప్పటికీ నేను వదల్లేదు. జూన్ 29న ఒక్కదాన్నే విమానమెక్కి వెళ్ళాను. రియల్టర్ లేకుండా ఆ వీధిలో నడిచాను. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి పలకరించారు. ఆ ఇల్లు కొంటున్నామని చెప్తే, తన గరాజు దగ్గరికి తీసుకెళ్ళి గోడ మీద మోకాలి ఎత్తున ఉన్న గోధుమరంగు గీత చూపించారు. 2023 ఆగస్టు 30, ఇడేలియా తుపాను. నీళ్ళు సముద్రం వైపు నుంచే కాదు, రోడ్డు పక్క డ్రెయిన్లలోంచి కూడా పైకొచ్చాయట. మా అమ్మకందారులని అంతకుముందే రాతపూర్వకంగా అడిగితే "మాకు తెలిసినంతలో ఏమీ లేదు" అని వచ్చింది. వరద బీమా క్లెయిములు, వరదకి తీసుకున్న ఫెడరల్ సాయం గురించి అమ్మేవాళ్ళు ఫారంలో చెప్పి తీరాలన్న ఫ్లోరిడా చట్టం 2024 అక్టోబరు 1న గానీ అమల్లోకి రాలేదు. ఇప్పుడు కొనేవాళ్ళకి ఆ ఫారం వస్తుంది. వచ్చినా సరే, కుక్కని తిప్పే మనిషి కోసం ఒక సాయంత్రం ఆ వీధిలో నడవండి.

జూలై 2న, పదకొండో రోజు, వెనక్కి తగ్గుతున్నట్టు సంతకం పెట్టాం. బయానా తొమ్మిది రోజుల్లో తిరిగొచ్చింది. ఇన్‌స్పెక్షన్లు, నా విమానం కలిపి పోయింది 1,310 డాలర్లు.

ఉద్యోగం ఆఫర్ ఇంకా చేతిలోనే ఉంది. ఇల్లు తర్వాత, ముందు ఉండి చూద్దాం అనుకున్నాం. టాంపా దగ్గరి డనీడిన్‌లో ఒక పెద్దావిడ ఇంటి వెనక చిన్న వాటా, నాలుగు వారాలకి 2,650. వేసవి అక్కడ అన్‌సీజను కాబట్టి ఆ ధరకి దొరికింది. కార్లో 1,300 మైళ్ళు, దారిలో చట్టనూగాలో ఒక రాత్రి. జూలై 14 సాయంత్రం దిగాం. కారు తలుపు తీయగానే నా కళ్ళద్దాలు మసకబారాయి. నాకు ఆ క్షణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కాకినాడ జూన్ అది, వాన ముందు ఉక్క. నా ఒళ్ళు దాన్ని గుర్తుపట్టింది.

అమ్మాయి ఒళ్ళు గుర్తుపట్టలేదు. తను పుట్టింది మాడిసన్‌లో. నాలుగో రోజుకి మెడ నిండా చెమటకాయలు. పొద్దున తొమ్మిది దాటితే బయటికి రానంది. మధ్యాహ్నం రెండు, మూడు మధ్య దాదాపు రోజూ ఉరుములు, వాన. ఒడ్డుకి వెళ్తే నీళ్ళు కాచిన నీళ్ళలా ఉన్నాయి. మాడిసన్‌లో జూలై అంటే తను ఇంట్లో కనిపించదు: సైకిలు, మెండోటా సరస్సు, దాని ఒడ్డున యూనియన్ టెర్రస్ మీద వీపు భాగం సూర్యుడిలా ఉండే ఆ రంగు కుర్చీలు, శనివారం కేపిటల్ భవనం చుట్టూ రైతుల బజారు. ఒక మధ్యాహ్నం ఏసీ గదిలో పడుకుని అంది: "అమ్మా, ఇక్కడ జూలై మన జనవరి లాగుంది. అందరూ లోపలే ఉన్నారు." అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదు. నేను లోపల ఉండాల్సిన నెలల్ని ఎంచుకుంటున్నానే గానీ, లోపల ఉండటం తప్పించుకోవడం లేదు. పైగా నా జనవరిని తీసి తనకి జూలైగా ఇస్తున్నాను.

నాకు మాత్రం ఆ మూడు వారాలు అమృతంలా గడిచాయి. పొద్దున ఆరింటికి పినెల్లస్ ట్రెయిల్ మీద నడక, సాయంత్రం నీళ్ళ మధ్యగా వేసిన కాజ్‌వే రోడ్డు మీద గాలి. చీర మీద స్వెట్టరు లేకుండా గుడికి వెళ్ళాను. తెలుగు మాట్లాడే మనుషులు కావాలంటే ఫోను తీస్తే చాలు. మాడిసన్‌లో పదిహేనేళ్ళకి నాకున్నంత మంది స్నేహితులు అక్కడ మూడు వారాల్లో అయ్యారు. ఇది కూడా రాయాలి, లేకపోతే అబద్ధమవుతుంది.

మా ఆయన యూనివర్సిటీకి రాజీనామా పంపాల్సిన రోజు ఆగస్టు 5, సోమవారం. రెండు వారాల నోటీసు లెక్క. ఉత్తరం రాసి డ్రాఫ్టులో ఉంచారు. ఆగస్టు 1 నుంచే వాతావరణం వాళ్ళు క్యూబా వైపు వస్తున్న అల్పపీడనం గురించి చెప్తున్నారు. దానికి డెబీ అని పేరు పడింది. ఇక్కడ రెండు విషయాలు మాకు కొత్త. ఒకటి, ఫ్లడ్ జోన్ వేరు, ఇవాక్యుయేషన్ జోన్ వేరు. మొదటిది బీమా కోసం, రెండోది ఎప్పుడు ఇల్లు వదలాలో చెప్పడం కోసం. మాది సి, పక్క వీధి అందరికంటే ముందు ఖాళీ చేయాల్సిన ఎ. ఇంకో కొత్త విషయం, తుపానుకి పేరు పెట్టి అది దగ్గరకొస్తుంటే కంపెనీలు కొత్త ఇంటి పాలసీలు రాయడం ఆపేస్తాయి. ఆ వారంలో ఇల్లు చేతికందాల్సినవాళ్ళు ఆగిపోవాల్సిందే. శనివారం ఇంటికి పది ఇసుక బస్తాల చొప్పున ఇస్తుంటే పెద్దావిడ కోసం మా ఆయనా అమ్మాయీ వరుసలో నిలబడి నింపి తెచ్చారు. పబ్లిక్స్ సూపర్‌మార్కెట్లో నీళ్ళ సీసాల అరలు ఖాళీ.

డెబీ మమ్మల్ని తాకలేదు. ఆదివారం సముద్రంలో మా పక్కనుంచి వెళ్ళి, సోమవారం పొద్దున ఉత్తరాన ఎక్కడో తీరం దాటింది. మొదటి కేటగిరీ, అక్కడివాళ్ళ లెక్కలో చిన్నది. కానీ ఆదివారం రాత్రి ఏడింటికి కరెంటు పోయింది, గాలి హోరు మొదలైంది, మేం ముగ్గురం చీకట్లో కూర్చున్నాం. ఆ హోరు విని నా చేతులు వణికాయి. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, ఇంకో ఖండంలో, అదే శబ్దం. అమ్మాయిని దగ్గరికి లాక్కుని, నాకు తెలియకుండానే మంచం కింద చోటుందా అని చూశాను. తను నా మొహం చూసి భయపడింది, గాలికి కాదు. కాకినాడలో పొద్దున నాలుగున్నర అవుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "కిటికీలకి దూరంగా ఉండండి" అని రెండుసార్లు చెప్పి, ఇంకేమీ అనలేదు.

సోమవారం మధ్యాహ్నం కరెంటొచ్చింది. మా ఆయన లాప్‌టాప్ తెరిచి, డ్రాఫ్టు వైపు చూసి, నా వైపు చూశారు. "పంపనా?" అన్నారు. నేను జవాబివ్వలేదు. నాలుగు రోజులు ఇవ్వలేదు. పెన్షను లెక్క, అమ్మాయి స్కూలు అక్కడ ఆగస్టు రెండో వారంలోనే తెరుస్తారన్న తొందర, ఆయన్ని నమ్మి చోటు ఖాళీగా ఉంచిన ఆ ఆసుపత్రి వాళ్ళు, నా మణికట్టు. ఆగస్టు 9న ఆయన ఫోన్ చేసి ఆఫర్ వద్దన్నారు. అవతలి మేనేజరు మర్యాదగానే మాట్లాడారట. ఆయనకి మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు. ఇచ్చిన మాట ఎప్పుడూ తప్పని మనిషి. నా వల్ల తప్పారు. 11న బయల్దేరి వచ్చేశాం.

సెప్టెంబరు 26 రాత్రి హెలీన్ వచ్చింది. అదీ టాంపా ప్రాంతాన్ని నేరుగా తాకలేదు, వంద మైళ్ళకు పైగా దూరం నుంచి వెళ్ళింది. అయినా సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర సముద్రం మామూలు పోటు మట్టం మీద ఆరడుగులు దాటి లేచింది, అక్కడ నమోదైనవాటిలో అదే ఎక్కువ. ఆ ఊరున్న పినెల్లస్ కౌంటీలోనే పదిమందికి పైగా చనిపోయారు. మేం మాడిసన్‌లో, పొడి ఇంట్లో, మూడింటి దాకా టీవీ చూస్తూ కూర్చున్నాం. మర్నాడు మధ్యాహ్నం మా పాత రియల్టర్ ఒక వీడియో పంపారు. మేం వదిలేసిన ఇల్లు. హాల్లో నడుముకి కొంచెం కింద దాకా గోడ తడి, సోఫా వంటింటి గుమ్మానికి అడ్డంగా తేలి ఆగింది.

మా తర్వాత ఆ ఇల్లు కొన్నది ఇద్దరు చిన్నపిల్లలున్న జంట. ఆగస్టు చివర్లో చేరారు, నాలుగైదు వారాలు కూడా కాలేదు. గండం తప్పిందని స్నేహితులు ఫోన్ చేసి సంతోషపడ్డారు. నాకు సంతోషం కలగలేదు. ఆ పెద్దాయన నాకు గీత చూపించారు, వాళ్ళకి చూపించారో లేదో. నేను రియల్టర్‌కి ఆ గీత సంగతి చెప్పాను గానీ, ఇంకెవరికైనా చేరుతుందా అని ఆలోచించలేదు. అది ఇప్పటికీ మనసులో ఉంది.

పదమూడు రోజులకి, అక్టోబరు 9 రాత్రి, మిల్టన్ సరసోటా దగ్గర సియెస్టా కీ మీద తీరం దాటింది. బేస్‌బాల్ స్టేడియం కప్పు చిరిగి ఎగిరిపోవడం మీరూ చూసే ఉంటారు. డనీడిన్ పెద్దావిడకి ఆరు రోజులు కరెంటు లేదు, కప్పు ఒక మూల లేచింది. నా స్నేహితురాలి కుటుంబం ఒర్లాండో వెళ్ళి తిరిగొచ్చారు, ఇల్లు క్షేమం, మునగచెట్టు సగానికి విరిగింది. అయినా వాళ్ళు కదలరు. "మీరు మంచు తవ్వుకుంటారు, మేం కొమ్మలు ఏరుకుంటాం" అంది. తను అన్నది తప్పని నేననను. తన ఇల్లు వరద ముప్పు తక్కువున్న ఎక్స్ జోన్‌లో, ఎత్తు మీద ఉంది, 2019 వడ్డీ, 2019 ధర. అదే ఊరు మాకు 2024లో వేరే ఊరు.

మాడిసన్ ప్రమాదం లేని ఊరేం కాదు. 2024 ఫిబ్రవరి 8న, నా చెయ్యి కట్టులో ఉండగానే, మాకు దక్షిణంగా ఎవాన్స్‌విల్ వైపు టోర్నడో వచ్చింది. విస్కాన్సిన్‌లో ఫిబ్రవరి నెలలో టోర్నడో నమోదవడం అదే మొదలు. 2019 జనవరి చివర్లో ఫారన్‌హీట్‌లో మైనస్ 26 చూశాం. కానీ నా చలిభయానికి నేను చేయగలిగిన పనులు ఉన్నాయి, పదిహేనేళ్ళు చేయకుండా ఉండిపోయాను. 2024 నవంబరులో చేశాను. బూట్లకి తొడిగే ఇనపముళ్ళ పట్టీలు 28 డాలర్లు. చలికాలపు దిగులుకి, పొద్దున అరగంట సేపు ఎదురుగా కూర్చునే పదివేల లక్స్ దీపం 75. నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా రాత్రిళ్ళు వీధిలో ఒక రోజు ఒక వైపు, మర్నాడు ఇంకో వైపు కారు పెట్టాలి కదా, ఆ బాధ లేకుండా గరాజులో సామాను తీసేసి రెండు కార్లూ లోపల పెట్టించాను. ఎదురింటాయన, నా చెయ్యి విరిగిన ఏడాది మేం అడగకుండానే మా కాలిబాట మంచు తీసిన మనిషి, ఈసారి నేను జొన్నరొట్టెలు తీసుకెళ్ళి ఇస్తే అరగంట గుమ్మంలోనే మాట్లాడారు. పదిహేనేళ్ళలో ఆయన భార్య పేరు మొదటిసారి తెలిసింది.

అమ్మాయి తొమ్మిదిలో చేరింది, ఆర్కెస్ట్రాలో చోటొచ్చింది. 2028లో హైస్కూలు అయిపోతుంది. అప్పటిదాకా మాడిసన్. ఆ తర్వాత సంగతి మాట్లాడుకోలేదు. నాకు సముద్రం మీద ఆశ పోలేదు, మా ఆయనకి ఆ అంకె కింది రెండు గీతలు మరుపు రాలేదు.

కరివేపాకు కుండీ అక్టోబరు 12న లోపలికొచ్చింది. డనీడిన్ వాటా 2025 ఫిబ్రవరి 8 నుంచి 22 దాకా నా ఒక్కదానికి మాట్లాడుకున్నాను, అక్కణ్ణించే పని చేసుకుంటాను. ఫిబ్రవరి అక్కడ సీజను కాబట్టి రెండు వారాలకే 2,400. కప్పు మీద ఇంకా నీలం టార్పాలిన్ ఉంది, బాగుచేసేవాళ్ళు జనవరి అంటున్నారని పెద్దావిడ రాసింది. రద్దు చేసుకోవడానికి గడువు జనవరి 8. అమ్మకి చెప్పాను. "ఫిబ్రవరిలో గాలివానలు రావు కదా?" అని అడిగింది. వాళ్ళ తుపానుల కాలం నవంబరు 30తో అయిపోతుందమ్మా అన్నాను. ఆ తారీఖు క్యాలెండరు మీద రాసుకుంటానంది.